పొద్దున్నే జ్వరం మందు వేసి పిల్లల్ని దింపి పోతున్నారు. తిప్పి పంపేయొచ్చా?

చిట్టిగూడు:
మా ఇంట్లోనే ఐదుగురు పిల్లల్ని చూసుకుంటాను, అందరూ నాలుగేళ్ల లోపువాళ్లే. వాళ్లు కాక మా చంటిది, ఇంకా మూడో నెల నిండలేదు. 38 డిగ్రీలు (100.4 ఫారెన్‌హీట్) ఉంటే తీసుకోను, మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే రానిస్తాను అని ముందే చెప్పే చేర్చుకున్నా. అయినా ఒకావిడ మందు వేసి దింపి పోతోంది. పొద్దున చూస్తే పిల్లాడు గంతులేస్తుంటాడు. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతూ నా భుజం మీద వాలిపోతాడు. చొక్కా కాలరు మీద గులాబీ రంగు సిరప్ మరక, ఇంకా జిగురుగానే ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తదు. ఇకమీదట గుమ్మం దగ్గరే అడిగి, మందు వేశారంటే అటునుంచి అటే పంపేద్దామనుకుంటున్నా. తప్పంటారా?

రాత్రిడ్యూటీ:
మీలాంటి వాళ్లే మావాణ్ణి చీమిడి ఆకుపచ్చగా ఉందని గుమ్మంలోంచే తిప్పి పంపారు. ఆకుపచ్చగా ఉంటే బ్యాక్టీరియా అని ఎవరు చెప్పారండీ? మన తెల్లకణాల్లో ఉండే ఎంజైమ్ వల్ల ఆ రంగొస్తుంది, మామూలు జలుబులో కూడా. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు సహజం. ఒక్కోటి వారం పది రోజులు. ముక్కు కారినన్నాళ్లూ ఇంట్లో కూర్చుంటే నా డ్యూటీ మీరు చేస్తారా?

చిట్టిగూడు:
నేనడిగింది ముక్కు గురించి కాదు. జ్వరం దాచడం గురించి.

రాత్రిడ్యూటీ:
ఇవాళ జ్వరం అంటారు, రేపు ముక్కు అంటారు. అన్నీ చూశాం.

కవలలతల్లి:
మా ఇంట్లో ఒకడికి తగ్గేసరికి రెండోవాడికి మొదలవుతుంది. కానివ్వండి, చదువుతున్నా.

పాతనర్సు:
ఒక్క జ్వరం పట్టుకుని కూర్చుంటే లాభం లేదమ్మా, జబ్బును బట్టి ఉంటుంది. ఆటలమ్మయితే పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా రానివ్వకూడదు. పొక్కులు లేవడానికి ఒకట్రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అది వేరే సంగతి. చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులొచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు వైరస్ మలంలో వారాల తరబడి పోతూనే ఉంటుంది. అన్ని వారాలు ఎవరూ ఇంట్లో ఉంచలేరు. జ్వరం పోయి, పిల్లాడు మామూలుగా తిని ఆడుకుంటుంటే రానివ్వచ్చు, డైపర్ మార్చాక చేతులు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని కడగాలి. వాంతులు విరేచనాలయితే ఆఖరిసారి అయ్యాక 48 గంటలు ఆగడం మంచిది. వాటిని తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లే దిక్కు.
మీ చంటిదాని విషయంలో మాత్రం రాజీ వద్దు. మూడు నెలల లోపు బిడ్డకు 38 వచ్చిందంటే ఇంట్లో చూద్దాంలే అనుకోకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

రాత్రిడ్యూటీ:
పొక్కులు రాకముందే అంటుతుందని మీరే అంటున్నారు. ఇంక ఆపి ఏం లాభం?

పాతనర్సు:
గొడుగు వేసుకున్నా కాళ్లు తడుస్తాయి బాబూ. అలాగని గొడుగు పారేస్తామా?

చిట్టిగూడు:
రాత్రిడ్యూటీ అన్నా, ఒక్కటి చెప్పండి. పొద్దున మీరు మందు వేసిన సంగతి నాకు తెలీదు. మధ్యాహ్నం ఒళ్లు కాలుతోందని నేనూ వేశాననుకోండి. పారాసిటమాల్‌కి డోసుకీ డోసుకీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, ఎక్కువైతే లివర్‌కి దెబ్బ. దాస్తే ముందు ముప్పొచ్చేది మీ పిల్లాడికే కదా?

రాత్రిడ్యూటీ:
అవును, దాస్తాం! ఎందుకు దాస్తామో ఎప్పుడైనా అడిగారా? చెప్తే తిప్పి పంపుతారు, ఆ రోజుకీ ఫీజు పూర్తిగా పట్టుకుంటారు. నాకేమో ఆ రోజు జీతం కట్. మేం పంపేచోట ఆవిడకే జబ్బు చేసి వారం మూసేశారు, ఆ వారానికీ కట్టించుకున్నారు. నియమాలన్నీ మాకే, నష్టమూ మాకేనా?

చిట్టిగూడు:
అదన్నమాట అసలు బాధ. చీమిడి చీమిడి అని ఇంతసేపు తిప్పారు! నేను మూసిన రోజుకి పైసా తీసుకోను. మీవాడు రాని రోజు ఆ చోటు ఇంకొకరికి ఇవ్వగలనా? ఒకడు అంటించి పోతే మిగతావాళ్లూ మానేస్తారు, చివరికి నేనూ పడతాను. నాకు సిక్ లీవ్ ఎవరిస్తారు?

కవలలతల్లి:
మా దగ్గర పిల్లలు జబ్బుతో రాని రోజుకి సగం ఫీజు, ఆయా మూస్తే సున్నా. ఏ మందు వేసినా పేరు, మోతాదు, టైమ్ చీటీ రాసివ్వాలి. పెద్దగా గొడవల్లేవు.

రాత్రిడ్యూటీ:
సగం అంటే నేనూ చీటీ రాస్తా.

చిట్టిగూడు:
జ్వరం మందు చీటీ తెచ్చినా ఆ రోజు లోపలికి రానివ్వను, అది మారదు. సగం సంగతి ఆలోచిస్తా. రాత్రి పదిలోపు మెసేజ్ పెడితే సగం, గుమ్మం దగ్గర బయటపడితే పూర్తి. వచ్చే నెల నుంచి కాగితం మీద పెట్టి అందరిచేతా సంతకం చేయిస్తా.

రాత్రిడ్యూటీ:
బాగుంది. తెల్లవారుజామున మూడింటికి జ్వరమొస్తే?