మాండలిన్ సన్న తీగ పదే పదే తెగుతోంది: ఏ గేజ్ (తీగ మందం) వేయాలి, ఎక్కడ దొరుకుతుంది?

కృష్ణలంక నాన్న (విజయవాడ):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిది నెలలుగా మాండలిన్ మీద కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. వాద్యం మా మామగారిది. జంట తీగలతో మొత్తం ఎనిమిది తీగలుండే అకూస్టిక్ రకం, వెనుక పొట్ట బల్లపరుపుగా ఉంటుంది, పికప్ (తీగ నాదాన్ని స్పీకర్‌కు పంపే పరికరం) లేదు. గురువుగారి దగ్గర ఉన్నది ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ కాబట్టి, ఇంట్లో దీనిని నేనే శృతి చేస్తున్నాను. శృతిపెట్టెను ఒకటి శృతికి పెట్టి, వయొలిన్‌కు చేసినట్టే లావు తీగల జత నుంచి వరుసగా స–ప–స–ప వచ్చేలా బిగిస్తున్నాను. ఒక్క నెలలో సన్న తీగ ఐదు సార్లు తెగింది. ఒకసారి పాప చెంపకు తగిలి గీరుకుంది. అప్పటి నుంచి నేను బిరడా తిప్పుతుంటే తను లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడుతోంది. గవర్నర్‌పేటలో ఒక దుకాణంలో కొన్న ప్యాకెట్టు మీద ‘మాండలిన్ సెట్’ అని తప్ప గేజ్ ఏమీ లేదు. లావు తీగ వేస్తే తెగదని దుకాణదారు చెప్పారు, వేసి చూశాను, అదీ తెగింది. సరైన తీగ ఏదో, ఎక్కడ దొరుకుతుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

తంత్రీనాదం (గుంటూరు):

నమస్కారమండి. నేను పాతికేళ్ళుగా తీగవాద్యాలు బాగుచేస్తున్నాను. ముందుగా ఒక్క విషయం చూసి చెప్పండి: తీగ ఎక్కడ తెగుతోంది? బ్రిడ్జి (పైచెక్క మీద తీగలను మోసే చెక్క) మీద తెగితే గాడిలో పదునైన అంచు ఉందని, బిరడా దగ్గర తెగితే చుట్టేటప్పుడు మడత పడిందని, తోక దగ్గరి లూప్ మెలికలో తెగితే తీగ తయారీలో లోపమని, మెట్ల (వేలితో తీగను నొక్కే అడ్డ పట్టీల) మీద తెగితే తుప్పు అని సాధారణంగా అనుకోవచ్చు. అయితే మీరు రాసిన శృతి వరుస చూస్తే అసలు కారణం వేరే చోట ఉందనిపిస్తోంది.

మాండలిన్‌కు పుట్టుకతో వచ్చిన శృతి వయొలిన్‌దే, అంటే లావు తీగ నుంచి జి, డి, ఎ, ఇ. ఒకటి శృతి అంటే సి. మీరు లావు తీగను జి నుంచి సి వరకు ఐదు మెట్లు (ఒక్కో మెట్టు ఒక్కో స్వరస్థానం), సన్న తీగను ఇ నుంచి జి వరకు మూడు మెట్లు పైకి లాగుతున్నారు. శృతి ఎన్ని రెట్లు పెరిగితే దాని వర్గానికి (స్క్వేర్‌కు) తగ్గట్టు బిగువు పెరుగుతుంది కనుక, మూడు మెట్లకు సన్న తీగ మీద బిగువు 40 శాతం, ఐదు మెట్లకు లావు తీగ మీద దాదాపు ముప్పావు వంతు ఎక్కువవుతుంది. మామూలు శృతిలోనే ఎనిమిది తీగలూ కలిసి ఆ చిన్న చెక్క పెట్టె మీద 70 నుంచి 80 కిలోల బలంతో లాగుతుంటాయి. తీగ తెగడం ఒక విధంగా మంచిదే అయింది, లేకపోతే మెడ వంగేది, లేదా బ్రిడ్జి కింద పైచెక్క కుంగేది. దయచేసి ఈ రోజే అన్ని తీగలనూ దించండి.

ఇక లావు తీగ తెగదన్న మాట చాలామంది నమ్ముతారు కానీ, సాదా ఉక్కు తీగ విషయంలో అది నిజం కాదు. తీగ లావైతే దాని సత్తువ ఎంత పెరుగుతుందో, అదే శృతికి తేవడానికి కావలసిన బిగువు కూడా అంతే పెరుగుతుంది. అందుచేత ఒకే పొడవులో సన్న తీగైనా లావు తీగైనా ఇంచుమించు ఒకే స్వరం దగ్గర తెగుతాయి. మీ వాద్యంలో పై జి ఆ హద్దుకు దగ్గరగా ఉంది. ముందు శృతి మారాలి, గేజ్ సంగతి ఆ తరువాతే.

బ్రాడీపేట మాండలిన్ (గుంటూరు):

తంత్రీనాదం గారు చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నాను, ఆ దారిలోనే వచ్చాను. మీకు రెండు మార్గాలున్నాయి, అయితే రెండింటినీ గురువుగారికి చెప్పి, వారు ఒప్పుకున్నదే అనుసరించండి, ఎందుకంటే పాప వేళ్ళకు అలవాటైన స్థానాలు మారవచ్చు.

మొదటిది ఐదు శృతి, అంటే జి. అప్పుడు లావు తీగ జి, తరువాతిది డి ఉన్నచోటే ఉంటాయి, ఎ తీగ జికి, ఇ తీగ డికి రెండేసి మెట్లు దిగుతాయి. స–ప–స–ప వరుస చెడకుండా వస్తుంది, ఆడపిల్ల గొంతుకు కూడా ఐదు శృతి సహజంగా సరిపోతుంది కనుక పాడుతూ వాయించుకోవచ్చు. రెండు మెట్లు దిగడం వల్ల సన్న తీగ బిగువు ఐదో వంతు తగ్గి కొంచెం వదులుగా అనిపిస్తుంది, అందుకని 10 గేజ్ బదులు 11 వేస్తే పాత బిగువు దాదాపు తిరిగి వస్తుంది. ఎ తీగకు 14 బదులు 15 గాని 16 గాని వేయండి. ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు. 10 అంటే సుమారు 0.25 మిల్లీమీటర్లు.

రెండవది ఒకటి శృతిలోనే ఉంటూ ప–స–ప–స వరుసకు మారడం. లావు తీగ జిలోనే ఉండి మంద్ర పంచమం అవుతుంది, మిగిలినవన్నీ దిగుతాయి, సన్న తీగ ఏకంగా నాలుగు మెట్లు దిగి సి అవుతుంది. బిగువు మూడో వంతుకు పైగా పోతుంది కాబట్టి అక్కడ 12 వేసుకోవాలి. నేను ఇరవై ఏళ్ళుగా ఇదే వాడుతున్నాను.

తీగ మరీ లావైతే గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) కష్టమవుతుందని కూడా గుర్తుంచుకోండి. జంట తీగలను రెండింటినీ కలిపి లాగి గాంధారం ఊపడానికి పదేళ్ళ పిల్ల వేలికి చాలా బలం కావాలి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు జంటలు మాని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. ఒంటి తీగ ఎంత హాయిగా లొంగుతుందో వాయించినవారికే తెలుస్తుంది.

వన్‌టౌన్ ఆర్కెస్ట్రా (విజయవాడ):

ఎలక్ట్రిక్ మాట వచ్చింది కాబట్టి నా పొరపాటు కూడా చెబుతాను, రేపు మీరు పాపకు ఎలక్ట్రిక్ కొంటే ఉపయోగపడుతుంది. మంచి నాదం వస్తుందని విని ఖరీదైన ఫాస్ఫర్ బ్రాంజ్ సెట్ తెప్పించి నా ఎలక్ట్రిక్ మాండలిన్‌కు వేశాను. సాదా తీగలు బాగా పలికాయి, లావైన చుట్టు తీగలు మాత్రం స్పీకర్‌లో ఎక్కడో దూరం నుంచి వినిపించినట్టు వచ్చాయి. యాంప్లిఫయర్ పాడైందనుకొని రెండు రోజులు తిరిగాను. మాగ్నెటిక్ పికప్ ఇనుమునూ నికెల్‌నూ గుర్తిస్తుంది, పైన చుట్టిన కంచును గుర్తించదు. అలాంటి వాద్యానికి నికెల్ చుట్టు తీగలే వేయాలి. మీ అకూస్టిక్‌కు మాత్రం బ్రాంజ్ చక్కగా నప్పుతుంది.

దొరకడం గురించి: డి’అడారియో కంపెనీ సెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఈజే 73 అన్నది లైట్, 10–14–24–38 వస్తుంది. ఈజే 74 అన్నది మీడియం, 11–15–26–40 వస్తుంది. పాత వాద్యానికి లైట్ సెట్ తీసుకొని, పైన చెప్పిన సన్న తీగలను విడిగా కొనండి. విడి తీగలకు గిటార్ తీగలే చాలు, మన ఊళ్ళో గిటార్ సరుకు ఉన్న దుకాణాలలో 10, 11, 12 ఒంటి తీగలు అడిగితే ఇస్తారు. చిక్కు ఒక్కటే: గిటార్ తీగ కొసకు చిన్న ఇత్తడి పూస ఉంటుంది, మాండలిన్ తోక కొక్కేనికి ఉత్త లూప్ కావాలి. పూసను కటింగ్ ప్లేయర్ మధ్య పెట్టి మెల్లగా నొక్కితే అది పగిలి రాలిపోతుంది, తీగ మెలిక అలాగే మిగిలి లూప్ అవుతుంది. తీగను మాత్రం కొరకకూడదు. కంటికి అద్దాలు పెట్టుకొని, చేతిని గుడ్డతో కప్పి చేయండి, ముక్క ఎగిరి పడుతుంది.

తంత్రీనాదం (గుంటూరు):

తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్క జతే తీసి వేయండి. మాండలిన్ బ్రిడ్జి అతికించినది కాదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది, అన్నీ ఒకేసారి విప్పితే జరిగిపోతుంది. వేశాక పన్నెండో మెట్టు దగ్గర వేలు తాకించి మీటిన నాదాన్నీ, అదే మెట్టు నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చండి. నొక్కినది ఎక్కువ శృతిలో పలికితే బ్రిడ్జిని తోక వైపు వెంట్రుకవాసి జరపాలి. గాడులలో పెన్సిల్ ములికి రుద్దితే తీగ పట్టేయకుండా జారుతుంది. కొబ్బరినూనె గురించి ఒక మాట: జారు (ఒక స్వరం నుంచి మరో స్వరానికి వేలు జార్చడం) పలకడానికి వేలికి రాసుకునే అలవాటు ఉంటే సన్న తీగలకు నష్టం లేదు, చుట్టు తీగల సందుల్లోకి పోతే మాత్రం మట్టి పట్టి పది రోజుల్లో నాదం మూగబోతుంది. మన కృష్ణా తీరపు ఎండకూ చెమటకూ వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగల పైనా కిందా తుడవడం తప్పనిసరి.

కృష్ణలంక నాన్న (విజయవాడ):

పెద్దలందరికీ కృతజ్ఞతలు. చూశాను, ఐదింటిలో మూడు తీగలు మెట్ల నడుమ, తుప్పు మచ్చ కూడా లేని చోట తెగాయి. రెండు బ్రిడ్జి మీద తెగాయి. పేరు లేని ఆ ప్యాకెట్టులో మిగిలిన తీగను ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపుకు తీసుకువెళ్ళి మైక్రోమీటర్‌తో కొలిపించాను. 0.25 వచ్చింది, అంటే 10 గేజే. దుకాణంలో లావు తీగ అని ఇచ్చినది 0.28, అంటే 11.

గురువుగారు ఐదు శృతికి ఒప్పుకున్నారు. 11, 15 తీగలు పూసలు తీసి నిన్న సాయంత్రం వేశాను. ఇంతవరకు ఏదీ తెగలేదు, పాప ఈ ఉదయం నా పక్కనే కూర్చొని సన్న తీగ జతను తనే శృతి చేసింది. వాడిన గేజ్‌లు, వేసిన తేదీ ఒక చీటీ మీద రాసి పెట్టెలో ఉంచాను. ఇంకొక్క సందేహం మిగిలింది: డి తీగల జత ఐదో మెట్టు దగ్గర జరజరమంటోంది. తంత్రీనాదం గారూ, ఆదివారం వాద్యం తీసుకొని గుంటూరు వస్తే చూడగలరా?

తంత్రీనాదం (గుంటూరు):

తప్పకుండా రండి. తీగలు విప్పకుండా, రెండు మెట్లు మాత్రం దించి తీసుకురండి. ఆ మెట్టు అరిగిందో, మెడ వంగిందో బిగువు మీద ఉన్నప్పుడే తెలుస్తుంది.