కొరో గొప్పతనం చెట్లలోనా, మనుషుల్లోనా?

నీలిమేఘం:
ఫ్రెంచ్ చిత్రకారుడు కమీ కొరో (1796–1875) పేరు చెప్పగానే పొగమంచు, చెట్లు, చెరువు గట్లు గుర్తొస్తాయి. ఆయన వేసిన ఆడవాళ్ల పోర్ట్రెయిట్లు చూశాక నాకు ఆ చెట్లు చప్పగా అనిపిస్తున్నాయి. ఆయన్ని మెచ్చుకోవాల్సింది వీటికే కదా?

పాతకుంచె:
ఇది మరీ అతి అండీ. ఆ బొమ్మల్ని ఆయనే పెద్దగా బయటపెట్టలేదు. 1869 సలోన్‌లో (పారిస్‌లో జరిగే అధికారిక చిత్ర ప్రదర్శన) 'చదువుకుంటున్న స్త్రీ' పెట్టడం అరుదైన సంగతి. మోడల్‌కి ఇటాలియన్ పల్లె వేషం వేయించి, చేతికో మాండొలిన్ ఇచ్చి కూర్చోబెట్టడమేగా చాలా వాటిలో జరిగింది! ఆ మొహాల్లో ఫలానా మనిషి అంటూ ఎవరూ కనిపించరు. పోర్ట్రెయిట్ అని ఎలా అంటాం?

గీతలపిచ్చి:
బయటపెట్టలేదు కాబట్టే అవి బాగున్నాయి. కొనేవాళ్లు అడిగింది పొగమంచు చెట్లు. చివరి ఏళ్లలో వాటినే మళ్లీ మళ్లీ వేశాడు. మనుషుల బొమ్మలు వేసేటప్పుడు ఆ బేరం గోల లేదు. షికాగోలో ఉన్న 'ఆగిన పఠనం' చూడండి. రంగు మందంగా, కుంచె వెడల్పుగా పడింది, నునుపు చేయాలన్న తాపత్రయమే లేదు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని 'ముత్యం స్త్రీ'లో భంగిమ మోనాలిసాది, పద్ధతి మాత్రం పూర్తిగా కొరోది. (నుదుటి మీద ఉన్నది నిజానికి ముత్యం కాదు, తలకట్టులోని చిన్న ఆకు!) చిత్రకారుడు దెగా అంతటివాడు చెట్ల కన్నా ఈ బొమ్మలకే ఎక్కువ విలువిచ్చాడు. 1909లో పారిస్ శరత్కాల ప్రదర్శన సలోన్ దోతోన్‌లో వీటిని ఒకచోట పెట్టారు. 1916లో క్యూబిస్ట్ (వస్తువుల్ని కోణాల ముక్కలుగా విడగొట్టి వేసే చిత్రకారుడు) హువాన్ గ్రిస్ కొరో మాండొలిన్ స్త్రీని తన పద్ధతిలో మళ్లీ వేశాడు.

పాతకుంచె:
గ్రిస్ తీసుకున్నది ఆకారాన్ని, మనిషిని కాదు. అది నా వాదనకే బలం. ఇక బేరం లేకపోతేనే బాగా వేశాడంటే, 1826లో ఇటలీలో వేసిన నార్ని వంతెన స్టడీ (అక్కడికక్కడే చూసి వేసిన చిన్న బొమ్మ) సంగతేంటి? అదీ అమ్మకానికి వేసింది కాదు. దాన్ని పెంచి, సర్ది, 1827 సలోన్‌కి పంపిన పెద్ద బొమ్మ కెనడాలోని ఒట్టావాలో ఉంది. లూవ్ర్‌లోని చిన్న స్టడీ ముందు అది తేలిపోతుంది. అంటే ఆయన అసలు సత్తా ల్యాండ్‌స్కేప్‌లోనూ ఉందిగా?

నీలిమేఘం:
నార్ని స్టడీ అద్భుతమే, దాని మీద గొడవ లేదు. కానీ వేషం మాట దగ్గరే మీతో పేచీ. చనిపోవడానికి ముందు ఏడాది, 1874లో వేసిన 'నీలి దుస్తుల స్త్రీ'లో పల్లె వేషమూ లేదు, మాండొలినూ లేదు. అది అప్పటి పారిస్ గౌను. వీపు మనవైపు తిప్పి, మోచేయి ఆనించి, ఏదో ఆలోచిస్తూ నిలబడింది. దీన్ని ఏ లెక్కలో వేస్తారు?