స్వర్ణాల చెరువు గట్టున పక్షులు, నాట్యం: ఎవరైనా చేయించారా?

చెరువుగట్టు, నెల్లూరు: మా అపార్ట్‌మెంటు పిల్లలు పన్నెండు మందిని ఆదివారం తెల్లవారగానే చెరువుకు తీసుకెళ్లి, గంటసేపు పక్షులను చూపించి, చూసిన కదలికలతోనే నాట్యం కట్టించాలని ఉంది. ఏ వైపు గట్టు మంచిది? పాట కావాలా, తాళం చాలా? గజ్జెలు కట్టించవచ్చా?

నాట్యగురువు, ఒంగోలు: ఇరవై రెండేళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. అభినయ దర్పణం అనే నాట్యగ్రంథం చెప్పిన పది గతుల్లో, అంటే నడకల్లో, మొదటిది హంస గతి, రెండవది మయూర గతి. పిల్లలు నా మాట విని నడిచేవారే తప్ప పక్షిని చూసి ఎరుగరు. పోయిన ఏడాది పులికాట్‌లో రాజహంసలను చూపించాను. తిరిగొచ్చాక ఒక పాప మెడ తిప్పిన తీరుకు నా కళ్లు చెమర్చాయి.

నీటికాకి: అమ్మా, మీరు చూసినవి ఫ్లెమింగోలు. కావ్యాల్లోని హంస బాతు జాతిది. తలపై రెండు నల్ల పట్టెలతో హిమాలయాలు దాటి వచ్చే బాతే అదని చాలామంది అంటారు. ఫ్లెమింగోను చూపి హంస గతి నేర్పడం తప్పు.

నాట్యగురువు, ఒంగోలు: పత్రికలు కూడా రాజహంసలనే రాస్తాయి. జనం పెట్టుకున్న పేరును తప్పనడానికి మీరెవరు?

నీటికాకి: నా పోరు పేరు కోసం కాదు, నడక కోసం. ఫ్లెమింగో తలకిందులుగా ముక్కు ముంచి నీటిని వడగడుతుంది. బురదలోని తిండి పైకి లేవాలని కాళ్లతో అక్కడక్కడే తొక్కుతుంది. అచ్చం మీరు పాదం నేలకు తట్టించే తట్టడుగే! మనం మోకాలనుకునేది దాని చీలమండ. అసలు మోకాలు ఈకల చాటున ఉంటుంది. అది తెలిసిన పిల్ల కాలు వంచే తీరే మారిపోతుంది. దాన్ని దానిలాగే ఆడించండి.

పెన్నా ఒడ్డు: పులికాట్ అంటుంటే, గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టే నేలపట్టు చెరువూ గుర్తొచ్చి కడుపు తరుక్కుపోతుంది. 2022 ఏప్రిల్‌లో రెండూ మా నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి పోయాయి. మా గూడబాతులు అని చెప్పుకుంటూ పెరిగినవాళ్లం.

దొరవారిసత్రం రైతు: జిల్లా మారినా చెరువు మారలేదు. గూడబాతుల రెట్టలు కలిసిన నీళ్లే మా పొలాలకు ఎరువు. గజ్జెల మాటకు వస్తాను. ఒకసారి ఎవరో స్పీకరు పెట్టి ఆడారు. తల్లిపక్షులు గూళ్లు వదిలి లేచాయి. అవి తిరిగి వాలేలోపు కాకులు గుడ్లు ఎత్తుకుపోయాయి. నా కళ్లారా చూశాను. దయచేసి గూళ్ల దగ్గర చప్పుడు చేయకండి.

నాట్యగురువు, ఒంగోలు: గజ్జె లేని కూచిపూడి ప్రాణం లేని బొమ్మ. కానీ గుడ్ల సంగతి నాకు తెలియదు. గట్టున చూడటం వరకే, గజ్జె కట్టేది ఇంటికి వచ్చాకే. ఒప్పుకుంటున్నాను.

తామరాకు: మా అత్తగారికి డెబ్బై ఒకటి. నాట్యం నేర్వలేదు, సంక్రాంతికి గొబ్బి తట్టిన చేతులు అంతే. తామరాకుల మీద జకానా అనే పొడవు వేళ్ల నీటిపక్షి నడవడం చూసి, ఇంటికొచ్చి చేతివేళ్లు ఎడంగా చాపి, బల్ల మీద ఒక్కో వేలూ ఆనించి నడిపించారు. ఆకు మునిగేలోపే కాలు ఎత్తేస్తుందని చెప్పారు. కింది అంతస్తు వాళ్లు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. ఆరేళ్లుగా ఒకే మెట్లు దిగుతున్నాం, ఒకరి పేరు ఒకరికి ఆ సాయంత్రమే తెలిసింది.

నీటికాకి: ఆవిడ చూసిన జకానాకు తోక పొడవుగా ఉందా?

చెరువుగట్టు, నెల్లూరు: తామరాకు గారూ, ఈ ఆదివారం అత్తగారిని తీసుకురాగలరా? ఆటో నేను పంపుతాను. గొబ్బి తాళం చాలు, పాట వద్దు.

తామరాకు: అడిగాను. ఎన్ని గంటలకని అప్పుడే రెండుసార్లు అడిగారు.