జర్మన్ జానపద బాణీకి మాటలు రాయాలి: లెక్క సరిపోయినా పాట కుదరట్లేదు, హెల్ప్ ప్లీజ్

రేమ్స్_లోయ_కుర్రాడు
నమస్కారం అండీ. స్టుట్‌గార్ట్ దగ్గర ఒక ఊళ్లో అద్దెకుంటున్నాం. మా ఇంటి ఓనరమ్మకి వచ్చే శనివారంతో 70 నిండుతాయి, తోటలో పార్టీ. ఇక్కడ ఇలాంటి వాటికి తెలిసిన పాత పాట బాణీ తీసుకుని కొత్త మాటలు కట్టి అందరూ పాడతారు కదా. అద్దెకున్న వాళ్లంతా తలా ఒక చరణం రాయాలని ఆవిడ చెల్లెలు పురమాయించింది. బాణీ 'అమ్ బ్రునెన్ ఫోర్ డేమ్ టోరె'.

అసలు పాట మొదటి లైనులో ఏడు అక్షరాలున్నాయి. నేనూ ఏడే లెక్కపెట్టి 'ఆలెస్ గూటె లీబె ఫ్రౌ' (శుభాకాంక్షలు అమ్మగారూ) అని రాశాను. ఆఫీసులో జర్మన్ కొలీగ్‌కి పాడి వినిపిస్తే పగలబడి నవ్వాడు. ఏం తప్పో చెప్పమంటే 'ఏదో తేడాగా ఉంది' అంటాడే తప్ప చెప్పలేకపోతున్నాడు. టెన్షన్‌గా ఉంది.

గోదారి_గట్టు
బ్రో, ఆ వయసు వాళ్లంతా ష్లాగర్ (జర్మన్ పాప్ పాటలు) వింటూ పెరిగినవాళ్లు. దుమ్ము పట్టిన బాణీ ఎందుకు, ఊడో యూర్గెన్స్ టైపులో ఒకటి కొట్టేయండి. 1966లో యూరోవిజన్ గెలిచాడాయన, ఆస్ట్రియా తరఫున.

కోరస్_అక్క
గోదారి గారూ, ష్లాగర్ రాయడం వేరే పని. అందులో పాట పేరే పల్లవిలో పదేపదే రావాలి, జనం చప్పట్లు కొట్టేలా తాళం ఉండాలి, చివరి పల్లవికి శ్రుతి ఒక మెట్టు పైకి జరపాలి. ఆ చివరి ఎత్తుడు వినగానే ఇక్కడివాళ్లు లేచి నిలబడతారు! శనివారం లోపు అయ్యే పని కాదు. పైగా అడిగింది జానపద బాణీకి.

తమ్ముడూ, నేనిక్కడ ఊరి కోరస్‌లో చాలా ఏళ్లుగా పాడుతున్నా. మొదట్లో నేనూ సరిగ్గా ఇదే తప్పు చేశాను. మనకి గురువు, లఘువు అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం. జర్మన్ పాటలో అది కాదు చూసేది, ఊనిక. ఏ అక్షరం మీద గొంతు ఒత్తుతుందో ఆ అక్షరం తాళం దెబ్బ మీద పడాలి. ఈ బాణీ దెబ్బతో మొదలవదు, ముందొక తేలిక అక్షరం ఉంటుంది. దాన్ని ఔఫ్‌టాక్ట్ అంటారు, మన అతీత ఎడుపు (తాళం దెబ్బకి ముందే పాట ఎత్తుకోవడం) లాంటిదనుకోండి. గీత తర్వాతి అక్షరం ఒత్తి పాడి చూడండి:

అమ్ /బ్రునెన్ /ఫోర్ డేమ్ /టోరె

మీ లైను అదే బాణీలో పెడితే ఇలా వస్తుంది:

ఆ /లెస్ గూ /టె లీ /బె ఫ్రౌ

'ఆ' మీద పడాల్సిన బరువు 'లెస్' మీద, 'గూ' మీదిది 'టె' మీద. ఫ్రౌ అయితే గాల్లో వేలాడుతోంది. మీ కొలీగ్ నవ్వింది దీనికే. అక్షరాలు ఏడే, ఊనికలు మొత్తం తలకిందులు. అందుకే చాలా జానపద లైన్లు డేర్, డీ, ఉంట్, వియర్ లాంటి తేలిక మాటలతో మొదలవుతాయి.

రేమ్స్_లోయ_కుర్రాడు
అమ్మో, ఇప్పుడు వెలిగింది అక్కా! మరి ప్రాస సంగతి? నాలుగు లైన్లకీ కలవాలా?

కోరస్_అక్క
అక్కర్లేదు. ఈ పాటలోనే చూడండి, రెండో లైను 'బౌమ్', నాలుగో లైను 'ట్రౌమ్' కలుస్తాయి. ఒకటి, మూడు కలవవు. కానీ అవి తేలిక అక్షరంతో ముగుస్తాయి (టోరె, షాటెన్), రెండు, నాలుగు బరువుతో ముగుస్తాయి. ఆ ఊగు మాత్రం చెడగొట్టకండి. ప్రాస కొంచెం అటూ ఇటూ అయినా ఎవరూ కొట్టరు. జర్మన్ మహాకవి హైనె అంతటివాడే లోరెలై పాటలో 'బెడోయ్‌టెన్'కి 'ట్సైటెన్' కలిపాడు. 'హెర్ట్స్'కి (గుండె) 'ష్మెర్ట్స్' (నొప్పి) మాత్రం వద్దు, మన 'ప్రియా నయా' లాగా అరిగిపోయింది.

ఇంకొకటి, శుభాకాంక్షలు రాయకండి. అవి కార్డులో ఉంటాయి. కంటికి కనిపించే వస్తువు పెట్టండి. అసలు పాటలో లిండెన్ చెట్టు, బావి. ఆవిడ తోటలో ఏముంది?

రేమ్స్_లోయ_కుర్రాడు
ఆపిల్ చెట్టు, ఇప్పుడు పూత మీద ఉంది. మేం పులిహోర పట్టుకెళ్తున్నాం.

కోరస్_అక్క
ఇంకేం, పాట వచ్చేసింది:

డేర్ /ఆప్ఫెల్ /బౌమ్ ఇమ్ /గార్టెన్
ష్టేట్ /నూన్ ఇన్ /ఫోలర్ /ప్రాఖ్ట్,
వియర్ /వోల్టెన్ /నిఖ్ట్ మేర్ /వార్టెన్
ఉంట్ /హాబెన్ /రైస్ గె /బ్రాఖ్ట్.

తోటలో ఆపిల్ చెట్టు నిండుగా పూసింది, ఇక ఆగలేక అన్నం పట్టుకొచ్చాం. రెండో సగం మీరు రాయండి, ఈ బాణీకి చరణం ఎనిమిది లైన్లు.

పాత_క్యాసెట్
మధ్యలో వస్తున్నా. ఈ బాణీ మీ పక్క ఊరిదే తెలుసా? కవిత విల్హెల్మ్ ముల్లర్‌ది, 1827లో సంగీతకర్త షూబర్ట్ స్వరపరిచాడు. దాన్ని సులువు చేసి జనం నోట్లో పెట్టింది ఫ్రీడ్రిష్ సిల్చర్. ఆయన పుట్టింది 1789లో, మీ రేమ్స్ లోయలోని ష్నైట్‌లోనే. వాళ్లు పోయి 70 ఏళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి ఈ బాణీకి కాపీరైట్ గొడవ కూడా లేదు.

రేమ్స్_లోయ_కుర్రాడు
రెండు రాత్రుళ్లు కూర్చుని రాశా, చూడండి:

వియర్ /కేరెన్ /బ్రాఫ్ డీ /ట్రెపె,
సో /వీ ఎస్ /జిష్ గె /హోర్ట్,
ఉంట్ /వెన్ వియర్ /నాఖ్ట్స్ మాల్ /కోఖెన్,
హాట్స్ /డిష్ నోఖ్ /నీ గె /ష్టోర్ట్.

బుద్ధిగా మెట్లు ఊడుస్తాం, రాత్రిపూట వంట చేసినా నువ్వెప్పుడూ విసుక్కోలేదు అని. ఒకటే డౌటు. ఆవిడని నేను 'జీ' (మీరు) అనే పిలుస్తా. పాటలో 'డిష్' అంటే నువ్వు అన్నట్టేగా?

కోరస్_అక్క
శభాష్! మెట్లు ఊడ్చే వంతు ఇక్కడి ష్వాబియన్ ప్రాంతం వాళ్లకి ప్రాణం, ఆ లైనుకే చప్పట్లు పడతాయి. పాటల్లో నువ్వు అనడం తప్పు కాదు. మనసొప్పకపోతే చివరి లైను 'హాట్స్ /నీమండ్ /యే గె /ష్టోర్ట్' చేయండి, ఎవరూ ఎప్పుడూ విసుక్కోలేదు అని. ఊనిక మారదు, 'డిష్' పోతుంది. మాటలు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి పంచండి, అక్కడ సగంమంది కళ్లజోడు తీసుకురారు.

రేమ్స్_లోయ_కుర్రాడు
'నీమండ్' ఖాయం అక్కా. ఇంతకీ 40 మందికి పులిహోరంటే ఎన్ని కిలోల బియ్యం వెయ్యాలి?

గోదారి_గట్టు
ఇప్పుడడిగావు నాకొచ్చిన ప్రశ్న. ఇన్‌బాక్స్‌కి రా బ్రో.