అప్‌డేట్: గ్రిడ్‌కి మారాను, చివరి వరస సరిపోయింది

పోయినవారం నేనడిగింది ఇది: వెబ్‌సైట్‌లో కార్డుల పేజీని ఫ్లెక్స్‌బాక్స్‌తో (భాగాల్ని ఒక్కో వరసగా పేర్చే సీఎస్ఎస్ పద్ధతి) చేస్తే చివరి వరసలో మిగిలిన రెండు కార్డులు సాగిపోయి చెరో సగం ఆక్రమిస్తున్నాయి, గ్రిడ్‌కి (వరసలు, కాలమ్స్ రెండూ కలిపి గళ్లలా అమర్చే సీఎస్ఎస్ పద్ధతి) మారాలా అని. మారాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

తప్పెక్కడుందో ఇప్పుడు అర్థమైంది. కార్డులకి ఫ్లెక్స్-గ్రో 1 ఇచ్చాను, అంటే వరసలో మిగిలిన చోటుని పంచుకుని సాగమని. ఫ్లెక్స్‌బాక్స్‌లో ఏ వరస లెక్క ఆ వరసదే. పైన నాలుగు కార్డులున్న సంగతి కింది వరసకి పట్టదు, మిగిలిన చోటంతా ఆ రెండే పంచుకుంటాయి. గ్రిడ్‌లో నిలువు గీతలు అన్ని వరసలకీ కలిపి ఒకటే. కార్డులు వాటి మధ్య కూర్చుంటాయి.

రాసింది ఇంతే: డిస్‌ప్లే గ్రిడ్, కాలమ్స్‌కి రిపీట్, అందులో ఆటో-ఫిల్ (పట్టినన్ని కాలమ్స్ వేయమని), కనీసం 240 పిక్సెల్స్, గరిష్ఠం 1 ఎఫ్ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా) అని మిన్‌మ్యాక్స్. స్క్రీన్ వెడల్పుని బట్టి అమరిక మార్చడానికి రాసిన మూడు మీడియా క్వెరీలు తీసేశాను! మొదట ఆటో-ఫిట్ పెడితే, సెర్చ్‌లో ఒక్క కార్డే వచ్చినప్పుడు అది పేజీ అంతా పరుచుకుంది. ఆటో-ఫిట్ ఖాళీ కాలమ్స్‌ని మూసేస్తుంది, ఆటో-ఫిల్ అలాగే ఉంచుతుంది. ఈ తేడా పట్టుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది.

శీర్షిక ఒక కార్డులో ఒక లైను, పక్కదానిలో మూడు లైన్లు ఉంటే కింద వివరణలు ఎగుడుదిగుడుగా మొదలయ్యేవి. ప్రతి కార్డునీ గ్రిడ్‌లో మూడు అడ్డ వరసల మీద పరిచి, లోపల సబ్‌గ్రిడ్ (బయటి గ్రిడ్ గీతల్నే కార్డు లోపలా వాడటం) ఇచ్చాక ఒకే గీతలోకి వచ్చాయి. క్రోమ్‌లో ఇది 2023లో, 117వ వెర్షన్‌తో వచ్చింది. అంతకన్నా పాత బ్రౌజర్లలో ఆ అమరిక ఉండదు, నాకు ఫర్వాలేదు.

పైనున్న మెనూ మాత్రం ఫ్లెక్స్‌బాక్స్‌లోనే వదిలేశాను. ఒక్క వరసే కాబట్టి అక్కడ అదే తేలిక.