ఇంగ్లండ్‌లో డాక్టర్ ఉద్యోగానికి వస్తున్నాను, రికార్డులు, చట్టాల గురించి చెప్పండి

హన్మకొండ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను కాకతీయ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి, వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో హౌస్ సర్జన్సీ చేశాను. విదేశాల్లో చదివిన డాక్టర్లకు అక్కడ పెట్టే ప్లాబ్ పరీక్ష పాసయ్యాను, అక్కడి మెడికల్ కౌన్సిల్ అయిన జీఎంసీ రిజిస్ట్రేషన్ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఆస్పత్రిలో క్లినికల్ ఫెలోగా, అంటే జూనియర్ డాక్టర్‌గా ఆఫర్ వచ్చింది. పని ఒత్తిడి అంటే భయం లేదు, ఎంజీఎం క్యాజువాలిటీలో నైట్ డ్యూటీలు చేసినదాన్ని. నా టెన్షన్ అంతా చట్టాల గురించే. ఏ చిన్న తప్పుకు లైసెన్స్ పోతుందో అని నాన్న రోజూ అడుగుతున్నారు. అక్కడున్న అన్నలు, అక్కలు కాస్త చెప్పండి.

మిడ్‌లాండ్స్ నుంచి జవాబు:

చెల్లె, నేనూ కేఎంసీనే, నీకంటే చాలా సీనియర్‌ని. చాలా సంతోషం. మీ నాన్నగారికి ఒక మాట చెప్పు. నిజాయితీగా పనిచేస్తూ జరిగిన చిన్న పొరపాటుకు ఇక్కడ లైసెన్స్ తీసేయరు. దాన్ని దాచిపెడితే, తర్వాత రికార్డు మారిస్తే, నీకు సంబంధం లేని ఫైలు తెరిస్తే మాత్రం ఎంత మంచి డాక్టర్‌నైనా కాపాడటం కష్టం.

ఈ ఫైళ్ల సంగతే ఎక్కువ చెబుతాను. మన దగ్గర ఓపీ చిట్టీ, ఎక్స్‌రే, రక్తపరీక్షల కాగితాలు పేషెంట్ దగ్గరే ఉంటాయి. ములుగు నుంచో ఏటూరునాగారం నుంచో వచ్చిన పెద్దాయన ప్లాస్టిక్ కవర్‌లోంచి ఏళ్లనాటి కాగితాలు తీసి టేబుల్ మీద పరుస్తాడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు కూడా తొంగిచూస్తారు, ఎవరూ ఏమనుకోరు. ఇక్కడ అవన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి, నీ లాగిన్‌తో తెరుచుకుంటాయి. నువ్వు ఎవరి ఫైలు ఏ నిమిషంలో తెరిచావో సిస్టమ్‌లో నమోదవుతుంది. నీ పనికి సంబంధం లేని మనిషి వివరాలు ఆస్పత్రి అనుమతి లేకుండా చూడటం 2018 డేటా ప్రొటెక్షన్ చట్టం 170వ సెక్షన్ కింద నేరం అవుతుంది, జరిమానా పడుతుంది. 1990 నాటి కంప్యూటర్ మిస్‌యూజ్ చట్టం కింద కేసు పెడితే జైలు కూడా ఉంది. జీఎంసీ విచారణ వేరే.

నిన్ను ఈ ఇరకాటంలో పెట్టేది ఎక్కువగా మనవాళ్లే. బతుకమ్మ ఆడేచోట ఎవరో ఒకరు వచ్చి "మా అత్తమ్మ మీ ఆస్పత్రిలోనే ఉంది, స్కాన్ రిపోర్టు ఏమొచ్చిందో కొంచెం చూసి చెప్పవా" అంటారు. వాళ్లకు అందులో తప్పేమీ కనిపించదు. వరంగల్‌లో తెలిసిన డాక్టర్ ఉంటే ఆ మాత్రం కనుక్కొని చెప్పడం సాయమే కదా. ఇక్కడ ఆ కేసు నీ టీమ్‌ది కాకపోతే, అడిగింది ఎంత దగ్గరివాళ్లైనా తెరవకు. నేనైతే "వార్డు నంబర్ ఇస్తాను, ఫోన్ చేయండి. డాక్టర్‌ను ఏమడగాలో నేను రాసిస్తాను" అంటాను. కొందరికి కోపం వస్తుంది, రానీ. నాకు తెలిసిన ఒక జూనియర్, మన జిల్లా అబ్బాయే, ఇల్లు అద్దెకిచ్చినాయన రిపోర్టు మొహమాటానికి చూసిపెట్టి నెలల తరబడి విచారణలో నలిగిపోయాడు. ఇది చదువుతున్న పెద్దలందరికీ చేతులు జోడించి చెబుతున్నాను, మన పిల్లలను దయచేసి ఇలా అడగకండి. నీ సొంత బ్లడ్ టెస్టు కూడా నీ లాగిన్‌తో చూసుకోకు చెల్లె, చాలా ఆస్పత్రుల్లో అదీ ఒప్పుకోరు.

పేషెంట్ తాలూకు వాళ్లతో మాట్లాడే తీరు కూడా మార్చుకోవాలి. క్యాన్సర్ అని తేలితే మనం ముందు కొడుకును బయటికి పిలిచి చెబుతాం. "నాయినకు చెప్పకండి మేడమ్" అంటే తలూపుతాం. ఇక్కడ ముందు తెలియాల్సింది పేషెంట్‌కే. ఆ మనిషి సరే అంటేనే కొడుక్కి చెప్పాలి. ఆపరేషన్‌కు ఒప్పించేటప్పుడు ఆ పేషెంట్‌కు ముఖ్యమైన రిస్కులు, ఇంకా ఏమేం దారులున్నాయో వివరించి తీరాలని 2015లో మాంట్‌గోమరీ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఇంగ్లిష్ రాని తెలుగు పెద్దావిడ వస్తే నువ్వు తెలుగులోనే ధైర్యం చెప్పు, ఆమెకు కొండంత అండ. సంతకం పెట్టించే విషయానికి మాత్రం ఇంటర్‌ప్రెటర్‌ను పిలిపించు, మనవడితోనో కోడలితోనో కానివ్వకు.

నోట్స్ రాసేటప్పుడు తేదీ, టైమ్, నీ పేరు, హోదా, జీఎంసీ నంబర్ ఉండాలి. సీనియర్‌కు ఫోన్ చేశావనుకో, ఎవరికి చేశావు, ఎన్నింటికి చేశావు, వాళ్లేమన్నారు, మూడూ రాయి. కాగితం మీద తప్పు రాస్తే అడ్డంగా ఒక్క గీత గీసి సంతకం పెట్టు, కింది అక్షరాలు కనబడాలి. ఆలస్యంగా రాస్తే ఆలస్యంగా రాస్తున్నానని అక్కడే పెట్టు. పేషెంట్లు ఇవన్నీ చదువుతారు. అడిగితే మామూలుగా నెలలోపు కాపీ ఇవ్వాలి. మన దగ్గరా 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఉంది. ఆ హక్కు ఉందని మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

పొరపాటు జరిగితే ఆ రోజే కన్సల్టెంట్‌కు, అంటే నీ టీమ్ పెద్ద డాక్టర్‌కు చెప్పు. పేషెంట్‌కు కూడా ఉన్నదున్నట్టు చెప్పి క్షమాపణ అడగాలి. మన దగ్గర నోరు విప్పితే ఆస్పత్రి మీద పడతారేమోనని భయం. ఇక్కడ 2006 కాంపెన్సేషన్ చట్టంలోనే రాసి ఉంది, క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యం ఒప్పుకున్నట్టు కాదని. ఆస్పత్రిలో పొరపాట్లు నమోదు చేసే డేటిక్స్ అనే కంప్యూటర్ సిస్టమ్‌లో రిపోర్టు పెట్టమంటే పోలీసు కంప్లైంట్ అనుకొని కంగారు పడకు. మళ్లీ జరగకుండా చూసుకోవడానికి అది.

ఇన్సూరెన్స్ సంగతి ఒక్క ముక్కలో. నష్టపరిహారం కేసులను ఎన్‌హెచ్‌ఎస్ చూసుకుంటుంది. జీఎంసీ నుంచి ఉత్తరం వస్తే నీ తరఫున నిలబడటానికి మాత్రం డాక్టర్ల తరఫున వాదించే సంస్థలైన ఎండీయూ, ఎంపీఎస్, ఎండీడీయూఎస్‌లలో ఏదో ఒకదాంట్లో సభ్యత్వం తీసుకో. డబ్బుకు చూసుకోకు.

లీడ్స్ నుంచి జవాబు:

నేను జగిత్యాల, ఇక్కడ స్టాఫ్ నర్సుని. డాక్టరమ్మ చెప్పినదానికి నర్సుల వైపు నుంచి కొంచెం కలుపుతాను. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు రాసుకునే హ్యాండోవర్ షీట్ జేబులో పెట్టుకొని ఇంటికి వెళ్లిపోవద్దు. అది బస్సులో పడిపోతే వార్డులో ఉన్న పేషెంట్లందరి వివరాలూ బయటపడ్డట్టే. డ్యూటీ దిగేముందు రహస్య కాగితాలు వేసే కాన్ఫిడెన్షియల్ డబ్బాలో వేయండి. ఈసీజీ ఫొటో తీసి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఉంటే విమానం ఎక్కకముందే మానేయండి. కంప్యూటర్ ముందు నుంచి లేచిన ప్రతిసారీ లాక్ చేయండి. మీ లాగిన్‌లో ఇంకొకరు రాసినా అది మీరు రాసినట్టే లెక్క.

హన్మకొండ నుంచి మళ్లీ:

అక్కా, సిస్టర్, చాలా థ్యాంక్స్. ఇంకొక్కటి. మా బాబాయి షుగర్ రిపోర్టులు నాకే పంపి ఏ గోలీ మార్చుకోవాలని అడుగుతాడు. అక్కడికి వచ్చాక ఏమనాలి? బయలుదేరేలోపు ఇక్కడ చేసుకోవాల్సిన పనులేమైనా ఉన్నాయా?

మిడ్‌లాండ్స్ నుంచి:

బాబాయి రిపోర్టు చదివి అందులో ఏముందో అర్థమయ్యేలా చెప్పు. గోలీ పేరు, డోసు మాత్రం చెప్పకు. సొంతవాళ్లకు వైద్యం చేయడం వీలైనంత మానుకోమని జీఎంసీ చెబుతుంది, ఎన్‌హెచ్‌ఎస్ రక్షణ ఎన్‌హెచ్‌ఎస్ పనికే. ఫోన్లో వైద్యం చేయాలంటే 2020 టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. నీకు ఉన్నా సరే, ఆయన్ను అక్కడి డాక్టర్ దగ్గరికే పంపించు. మనిషిని చూడకుండా షుగర్ మందు మార్చడం ఆయనకే మంచిది కాదు.

పనుల్లో, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వరంగల్‌లోనే ఉంది కాబట్టి ట్రాన్‌స్క్రిప్టులు రెండు మూడు సెట్లు ఎక్కువ తీసుకో, ఇక్కడి నుంచి తెప్పించుకోవడం పెద్ద తిప్పలు. కాలేజీలో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఒరిజినల్ తెచ్చుకో. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లాప్స్ కానివ్వకు. వీసాకు టీబీ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్ ఎలాగూ అడుగుతారు. హెపటైటిస్ బీ యాంటీబాడీ రిపోర్టు కూడా చేయించుకొని తెచ్చుకో, చేరిన మొదటి వారంలోనే ఉద్యోగుల ఆరోగ్యం చూసే ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్లు అడుగుతారు. టికెట్ బుక్ అయ్యాక తేదీ, ఏ ఎయిర్‌పోర్టో ఇక్కడ రాయి, మనవాళ్లెవరైనా వచ్చి తీసుకెళ్తారు.