రాత్రికి గాలి దిగిపోయే మోటార్‌హోమ్: లీకు వెతకాలా, వదిలెయ్యాలా?

ప్లేనో_బండి:
పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో మోటార్‌హోమ్ కొన్నాను. వెనక డీజిల్ ఇంజన్, మొత్తం ఎయిర్ బ్రేకులు. సాయంత్రం ఆపినప్పుడు గాలి ఒత్తిడి గేజి ముళ్ళు రెండూ 120 పీఎస్ఐ మీద ఉంటాయి. పొద్దున్నకి ముందు ట్యాంకు 90, వెనక ట్యాంకు 40. ఒక షాపువాళ్ళు వెనక బ్రేకులకి గాలి పంపే రిలే వాల్వ్ దగ్గర సుయ్‌మంటోందని దాన్ని మార్చి ఏడొందల డాలర్లు తీసుకున్నారు. లీకు అలాగే ఉంది. క్యాంప్‌గ్రౌండ్‌లో పక్కబండి పెద్దాయన ‘అన్ని బండ్లకీ అంతే, వదిలెయ్’ అంటాడు. ఒకప్పుడు లారీ నడిపిన మా నాన్నేమో ఫోన్లో ‘బ్రేకు గాలితో ఆటలేంట్రా’ అని తిట్లు. మీరేమంటారు?

హైవే_సీడీఎల్:
పెద్దాయన మాటే రైటు. లెక్క చూడండి. పది గంటల్లో 80 పోయింది, అంటే నిమిషానికి 0.13. ఇక్కడ అమెరికాలో పెద్ద బండ్ల లైసెన్స్ పరీక్షలో ట్రెయిలర్ లేని బండికి నిమిషానికి 2 దాకా, బ్రేకు తొక్కి పడితే 3 దాకా ఒప్పుకుంటారు. మీది పదిహేనో వంతు! పైగా కంప్రెసర్ పంపేది వేడి గాలి, ట్యాంకు చల్లారితే ఏ లీకూ లేకపోయినా ముల్లు కొంత దిగుతుంది.

ఆటోనగర్_బెజవాడ:
అన్నా, నిమిషానికి 2 అంటే గంటలో ట్యాంకు ఖాళీ. ఆ హద్దు దాటితే బండి రోడ్డెక్కకూడదని అర్థం. దాటకపోతే బండి బాగున్నట్టేనా? లీకుంటే కంప్రెసర్ ఊరికే ఎక్కువ తిరుగుతుంది, ఆయిల్ తోస్తుంది, గాలిలో తేమ తీసే డ్రయ్యర్ తడిసిపోతుంది, ట్యాంకుల్లో నీళ్ళు చేరతాయి. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు స్ప్రే బాటిల్లో పోసుకుని ప్రతి జాయింటూ తడపండి బ్రదర్. అమోనియా ఉన్న క్లీనర్లు మాత్రం వద్దు, ఇత్తడి ఫిట్టింగులు పగులుతాయి. టెఫ్లాన్ టేపు జోలికీ పోవద్దు, తునకలు వాల్వుల్లో ఇరుక్కుంటాయి.

డిపో_మేస్త్రి:
ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరయ్యాను. మీరిద్దరూ రాత్రి ముల్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు. బాబూ ప్లేనో, ఆ సుయ్‌మనేది ఎప్పుడు? పార్కింగ్ బ్రేకు వేసి ఉన్నప్పుడా, తీసినప్పుడా?

ప్లేనో_బండి:
మేస్త్రి గారూ, ఇప్పుడే చూసొచ్చాను. చక్రాలకి అడ్డు పెట్టి, ఇంజన్ ఆపి, పార్కింగ్ బ్రేకు పసుపు గుబ్బ లోపలికి నొక్కితే, అంటే బ్రేకు తీస్తే, సుయ్‌మంటోంది. బయటికి లాగగానే ఆగిపోతోంది.

డిపో_మేస్త్రి:
అనుకున్నా. రిలే వాల్వ్ తప్పేం లేదు. వెనక బూస్టర్‌లో, అదే మీ చాంబర్‌లో, రెండు గదులుంటాయి. పార్కింగ్ బ్రేకు తీసినప్పుడు స్ప్రింగుని వెనక్కి అణిచి పట్టేది వెనక గదిలోని గాలి. రెండు గదుల మధ్య సీలు పోతే ఆ గాలి ముందు గదిలోకి దూరి, కాలి బ్రేకు తొక్కితే గాలి వచ్చే సర్వీసు పైపులో వెనక్కి నడిచి, రిలే వాల్వ్ ఎగ్జాస్టు దగ్గర బయటపడుతుంది. ఇల్లొకరిది, గుమ్మం ఇంకొకరిది. పార్కింగ్ వేసి పడుకుంటే ఆ గదిలో గాలే ఉండదు కాబట్టి రాత్రి ముల్లుకి ఈ లీకు కనపడదు. పొద్దున్న 40 చూపించేది వేరే లీకు.

హైవే_సీడీఎల్:
ఇది నేను ఒప్పుకోవాలి. పరీక్ష కూడా పార్కింగ్ తీసే చెయ్యాలి. ప్లేనో గారూ, అలా ఒక నిమిషం చూడండి.

ప్లేనో_బండి:
నిమిషానికి 4 దిగింది! గుబ్బ లాగితే ముల్లు కదల్లేదు. కుడి చాంబర్ సర్వీసు పైపు విప్పితే ఆ చాంబర్లోంచే గాలి వస్తోంది. ఎడమ దాంట్లోంచి ఏమీ రావట్లేదు. నేనే మార్చుకోనా?

హైవే_సీడీఎల్:
వద్దు. లోపలి స్ప్రింగు పూర్తిగా నొక్కి బిగించి ఉంటుంది, చాంబర్ క్లాంపు విప్పితే ప్రాణం తీస్తుంది.

ఆటోనగర్_బెజవాడ:
క్లాంపు ఎవడు విప్పమన్నాడు? కేజింగ్ బోల్టుతో స్ప్రింగుని వెనక్కి లాగి కట్టేసి, మొత్తం చాంబర్ దింపడమే. మా దగ్గర కుర్రాళ్ళు గంటలో చేస్తారు. కాకపోతే బండి సస్పెన్షన్ ఎయిర్ బ్యాగుల మీద నిలబడి ఉండగా కిందకి దూరకు. గాలి దిగిందంటే బండి మీదకొస్తుంది. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాకే దూరు.

ప్లేనో_బండి:
చాంబర్ మొబైల్ మెకానిక్ చేత మార్పించాను, ధైర్యం చాల్లేదు. ఇప్పుడు పార్కింగ్ తీసినా నిమిషానికి ఒక పీఎస్ఐ కూడా దిగట్లేదు. రాత్రి లీకు మాత్రం నేనే పట్టాను. జెనరేటర్ కూడా ఆపి, టార్చి పట్టుకుని తడుపుతూ పోతే వెనక ట్యాంకు గేజి పైపు ఎల్బో దగ్గర పాల పొంగులా నురగ. లాగి చూస్తే నైలాన్ పైపు కొస ఏటవాలుగా ఉంది, ఎవరో పట్టకారుతో కోసినట్టు. అర అంగుళం తిన్నగా అడ్డంగా కట్ చేసి మళ్ళీ గుచ్చాను. ఈ పొద్దున 105. ఎడమ చాంబర్ కూడా అదే వయసుది, మార్చాలా?

ఆటోనగర్_బెజవాడ:
మార్చు. జతగా మార్చడమే మా పద్ధతి.

హైవే_సీడీఎల్:
లీకు లేనిది ఎందుకు మార్చడం? మేస్త్రి గారు చెప్పాలి.

డిపో_మేస్త్రి:
ముందు రెండు చక్రాల పుష్‌రాడ్ స్ట్రోకు, అదే బ్రేకు తొక్కితే చాంబర్ కడ్డీ ఎంత బయటికొస్తుందో, కొలిచి చెప్పు బాబూ, అప్పుడు మాట్లాడుకుందాం.